పొగ దిగిన చోటు

1989 వేసవిలో నెదర్లాండ్స్ ప్రభుత్వం లిక్కెబార్ట్ అనే చోట పాల అమ్మకం ఆపేయించింది. రోటర్‌డామ్ రేవుకు దగ్గర్లోని పచ్చిక బయళ్లు అవి. పాల రంగు మారలేదు, వాసన మారలేదు. కానీ ఆ బయళ్లకు గాలి వచ్చే దిక్కున ఒక భారీ చెత్త దహన కర్మాగారం ఉంది. దాని పొగలోని డయాక్సిన్లు గడ్డి మీద రాలాయి. గడ్డితో ఆవు కడుపులోకి, అక్కణ్నుంచి ఒంటి కొవ్వులోకి, ఆ కొవ్వుతో పాలలోకి చేరాయి. ఒక గ్రాము పాలకొవ్వులో 6 పికోగ్రాములకు మించి ఉండకూడదని ఆ దేశం గీత గీసుకుంది. లిక్కెబార్ట్ పాలు ఆ గీత దాటాయి. పొగ ఎక్కడ దిగుతోందో ఊరికీ ప్రభుత్వానికీ చూపించింది ఆవులు.

చెత్త కాల్చే చోట్ల పొగగొట్టాల చుట్టూ డయాక్సిన్ల కోసం గాలిని కాపలా కాయడం మొదలై సుమారు యాభై ఏళ్లు. ఆ కాలమంతా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొలిచే పరికరాలు చాలావరకు ముందే సిద్ధంగా ఉన్నాయి. వెనకబడినది వాటిని పెట్టే చోటు, పెట్టే వేళ, ఉంచే గడువు. గొట్టం బుద్ధిగా ఉన్న రోజు చూసుకుని కొలిచి, అది దారి తప్పిన రోజు అక్కడ ఎవరూ లేకపోవడం ఒక దేశం తరవాత ఒక దేశంలో జరిగింది.

ముందు ఆ పదార్థం సంగతి కొంచెం చెప్పాలి. డయాక్సిన్ అంటే ఒక్కటి కాదు. క్లోరిన్ పరమాణువులు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ అతుక్కున్నాయి అన్నదాన్ని బట్టి డయాక్సిన్లు 75 రకాలు, వాటి దాయాదులైన ఫ్యూరాన్లు 135 రకాలు. ఈ 210లో బాగా విషపూరితమైనవి 17. ఆ పదిహేడింటి విషాన్ని అన్నిటికంటే ఘోరమైన టీసీడీడీతో తూచి, ఒకే అంకెగా చెప్పే పద్ధతిని టీఈక్యూ అంటారు. ఇక పరిమాణం. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. పికోగ్రాము అంటే లక్ష కోట్లవ వంతు. అందులో వెయ్యో వంతు ఫెమ్టోగ్రాము. గొట్టంలోని పొగను నానోల్లో, ఊరి గాలిని పికోల్లో, అడవిగాలిని ఫెమ్టోల్లో కొలుస్తారు.

ఇవి పుట్టే తీరులోనే అసలు చిక్కు ఉంది. 850 డిగ్రీల వేడిలో పొగను కనీసం 2 సెకన్లు ఉంచితే డయాక్సిన్లు చాలావరకు నాశనమవుతాయి. కానీ అదే పొగ చల్లబడుతూ సుమారు 450 నుంచి 200 డిగ్రీల మధ్యకు వచ్చినప్పుడు, బూడిద రేణువుల మీద మిగిలిన మసి, క్లోరిన్, రాగి కలిసి వాటిని మళ్లీ పుట్టిస్తాయి. పాత కర్మాగారాల్లో బూడిదను పట్టే విద్యుత్ యంత్రాలు సరిగ్గా ఆ వేడిలోనే నడిచేవి. పొయ్యి రాజేసేటప్పుడు, ఆర్పేటప్పుడు, తడిచెత్త పడి మంట మందగించినప్పుడు కూడా ఇవి పెరుగుతాయి. చెడ్డ వేళలు కొన్నే, కానీ ఏడాది మొత్తానికి పడే విషంలో వాటి వాటా చాలా పెద్దది కావచ్చు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే తరవాతి చరిత్ర అంతా అర్థమవుతుంది.

ఆ చరిత్ర ఇటలీలోని సెవెసోతో మొదలవుతుంది, అది చెత్త కాల్చిన చోటు కాకపోయినా. 1976 జూలై 10న మిలాన్‌కు ఉత్తరాన ఇక్మెసా రసాయన కర్మాగారంలో ట్రైక్లోరోఫినాల్ తయారుచేసే రియాక్టర్ అదుపు తప్పి, టీసీడీడీ కలిసిన మబ్బును ఊళ్ల మీదికి వదిలింది. కుందేళ్లు, కోళ్లు చచ్చిపోయాయి. పిల్లల ముఖాల మీద క్లోరాక్నె పొక్కులు లేచాయి. బాగా దెబ్బతిన్న భాగంలోని 700కు పైగా జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించడం మొదలయ్యేసరికి రెండు వారాలు దాటింది. అప్పటికి మబ్బు ఏనాడో వెళ్లిపోయింది, మట్టి మాత్రమే మిగిలింది. మట్టిని తవ్వి చూసి, చదరపు మీటరుకు 50 మైక్రోగ్రాములు దాటిన చోటును ఎ మండలమని, 5 దాటిన చోటును బి అని, మిగతాదాన్ని ఆర్ అని పటం గీశారు. గాలి ఎటు వీచిందో ఆ పటం పొడవునా కనిపిస్తుంది.

సెవెసోలో ఇంకొక పని జరిగింది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. పాఓలో మొకరెల్లి అనే వైద్యశాస్త్రవేత్త జనం దగ్గర తీసిన రక్తపు సీరాన్ని పారేయకుండా గడ్డకట్టించి దాచారు. చుక్క రక్తంలో డయాక్సిన్ కొలిచే పద్ధతి అప్పటికి లేదు. పదేళ్లకు పైగా గడిచాక అమెరికా ప్రయోగశాలలో ఆ పద్ధతి వచ్చింది. దాచిన సీసాలు పలికాయి. ఎవరి ఒంట్లో ఎంత చేరిందో అప్పుడు తేలింది. నమూనాను ఖర్చు పెట్టేయకుండా కొంత దాచడం ఏ కాపలా ఏర్పాటుకైనా ముఖ్యమన్న పాఠం అక్కడిదే.

సెవెసో ప్రమాదం జరిగిన మరుసటి ఏడాది, 1977లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓలీ, వెర్మ్యూలెన్, హుట్జింగర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పురపాలక చెత్త కాల్చిన బూడిదలోనూ పొగలోనూ డయాక్సిన్లు, ఫ్యూరాన్లు ఉన్నాయని ప్రకటించారు. రసాయన ప్రమాదంలో పుట్టిందనుకున్న విషం వీధి చివర చెత్త కాల్చే పొయ్యిలోనూ పుడుతోందని తెలిసింది. 1978లో డౌ కెమికల్ కంపెనీ శాస్త్రవేత్తలు దీనికి ఒక వాదం లేవదీశారు: మనిషి నిప్పు రాజేసిన నాటి నుంచీ డయాక్సిన్లు ఉన్నాయి, ఇది మంటకు సహజం అని.

ఆ వాదానికి జవాబు ఒక చెరువు అడుగునుంచి వచ్చింది. అమెరికా, కెనడాల మధ్య సుపీరియర్ మహా సరస్సులో ఐల్ రాయల్ అనే దీవి, ఆ దీవి నడుమ సిస్కివిట్ అనే చిన్న సరస్సు. దాని నీటిమట్టం మహా సరస్సు మట్టం కంటే ఎత్తు. అందుకని బయటి నీళ్లు అందులోకి రావు. అక్కడికి ఏ పరాయి పదార్థం చేరినా గాలిలోనే రావాలి. చుచ్వా, మెక్‌వీటీ, హైట్స్ ఆ సరస్సు అడుగు బురదను పొరలు పొరలుగా తీసి, ఒక్కో పొర వయసు లెక్కగట్టి 1984లో ప్రచురించారు. బొగ్గు అంతకు ఎన్నో దశాబ్దాల ముందునుంచే మండుతోంది. డయాక్సిన్లు మాత్రం 1940 ప్రాంతం నుంచి పైకి లేచాయి. క్లోరిన్ కలిసిన సరుకులు మన ఇళ్లలోకి, ఆ తరవాత మన చెత్తలోకి వచ్చిన కాలం అది. ఎవరూ ఏర్పాటు చేయని గాలి కేంద్రం అది, నలభై ఏళ్ల లెక్క రాసి పెట్టుకుంది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన పరిశోధన ఇదే.

1980ల చివర ఐరోపాలో చట్టం కదిలింది. 1990లో జర్మనీ ఘనపు మీటరు పొగకు 0.1 నానోగ్రాము టీఈక్యూ అని పరిమితి పెట్టింది. 2000లో ఐరోపా సమాజం దాన్నే అందరికీ వర్తింపజేసింది. దానికోసం కర్మాగారాలు మారాయి: పొగను వేగంగా చల్లార్చడం, ఉత్తేజిత బొగ్గుపొడి చల్లడం, గుడ్డ సంచుల వడపోత వచ్చాయి. ఉద్గారాలు నిజంగానే పడిపోయాయి. ఇది ఒప్పుకోవలసిన విజయం. అయితే కొలత విధానం చూడండి. పొగగొట్టంలో సన్నటి గొట్టం పెట్టి 6 నుంచి 8 గంటలు పొగ పీల్చాలి. అది ఏడాదికి రెండుసార్లు. ఏడాదిలో 8,760 గంటలుంటే కొలిచినవి మహా అయితే పదహారు. ఆ రోజు ఫలానా అని కర్మాగారానికి ముందే తెలుసు. పొడిచెత్త ఏరి పోయవచ్చు, మంట నిలకడగా ఉంచవచ్చు.

బెల్జియంలో డె ఫ్రే, వెవర్స్ 1998లో ఈ లెక్కను గట్టిగా కుదిపారు. ఒకే గొట్టానికి ఒకవైపు ఆరు గంటల కొలత, మరోవైపు రెండు వారాలు ఆపకుండా పీల్చే యంత్రం పెట్టి పోల్చారు. ఆరు గంటల కొలత అసలు ఉద్గారాన్ని 30 నుంచి 50 రెట్లు తక్కువ చేసి చూపించింది. అక్కణ్నుంచి బెల్జియం తన దహన కర్మాగారాలకు నిరంతర నమూనా సేకరణ తప్పనిసరి చేసింది. గొట్టంలో అమర్చిన గుళిక రెండు వారాలు పొగ తాగుతూనే ఉంటుంది. తరవాత ప్రయోగశాలకు వెళ్తుంది. కరెంటు మీటరులా క్షణక్షణం డయాక్సిన్ అంకె చూపే పరికరం వాడుకలో లేదు. గంధక డయాక్సైడ్‌నో ధూళినో చూపే తెర మీద ఈ అంకె కనిపించదు. జనం ఈ తేడా తెలుసుకోవడం చాలా అవసరం.

గొట్టం దగ్గర పరిస్థితి ఇది. మరి ఊళ్లో?

ఊరి గాలిని పట్టడానికి వాడే యంత్రం చూడటానికి సాదాగానే ఉంటుంది. లోపల బలమైన పంపు. ముందు క్వార్ట్జ్ నూలు వడపోత కాగితం. అది ధూళికి అతుక్కున్న డయాక్సిన్లను పడుతుంది. దాని వెనక పాలీయురేథేన్ స్పాంజి; అది ఆవిరిగా ఉన్నవాటిని పడుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ పద్ధతిలో 24 గంటల్లో 325 నుంచి 400 ఘనపు మీటర్ల గాలి దాని గుండా పోవాలి. బరువైన కార్బన్‌తో తయారైన డయాక్సిన్‌ను ముందుగానే కొద్దిగా చుక్క వేసి ఉంచుతారు. చివర్లో అది ఎంత మిగిలిందో చూస్తే, దారిలో ఎంత జారిపోయిందో తెలుస్తుంది. పల్లె గాలి శుభ్రంగా ఉంటే ఒక్క రోజు నమూనాలో పదిహేడింటిలో చాలావాటి అంకె సున్నా దగ్గరే ఆగిపోతుంది. ఆ సున్నాను నిజమైన సున్నాగా లెక్కిస్తే ఒక ఫలితం, గుర్తింపు హద్దులో సగంగా లెక్కిస్తే ఇంకో ఫలితం. గాలి ఎక్కువ తాగించడమే దీనికి మందు.

ఆ మాట పట్టుకుని పనిచేసింది అమెరికా జాతీయ డయాక్సిన్ గాలి పరిశీలన వలయం, ఎన్‌డామ్. 1998 జూన్ నుంచి 2004 నవంబరు దాకా, చివరికి 34 కేంద్రాలతో నడిచింది. ఒక్కో నమూనాకు సుమారు నాలుగు వారాల వ్యవధిలో రోజుల తరబడి గాలి పట్టేవారు. కేంద్రాలను ఎక్కువగా పాడి, పశుగ్రాసం, పంటలు ఉన్న పల్లెల్లో పెట్టారు. దాని వెనక లెక్క స్పష్టం: డయాక్సిన్ మనిషికి చేరేది 90 శాతానికి పైగా తిండి ద్వారానే. పల్లె గాలిలో సగటు ఘనపు మీటరుకు పది ఫెమ్టోగ్రాముల చుట్టుపక్కల తేలింది. దేశం మొత్తానికీ ఒక నేపథ్యపు అంకె దొరికింది. తరవాత వలయం ఆగిపోయింది. లిక్కెబార్ట్ ఆవులు చెప్పిన మాటను ఒక ప్రభుత్వం పటం మీదికి ఎక్కించిందన్నందుకు ఎన్‌డామ్ అంటే నాకు గౌరవం. ఆరేళ్లకే ఎత్తేశారన్నందుకు బాధ.

అదే దేశంలో, ఒక్క గొట్టం చుట్టూ ఎలా చూడాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నేర్పింది. అక్కడ చెత్త నుంచి కరెంటు తీసే కర్మాగారం 1983లో మొదలైంది. 1992లో గొట్టం కొలత తీసి ఏడాదికి లెక్కగడితే 984 గ్రాముల టీఈక్యూ వచ్చింది. కిలోకు కాస్త తక్కువ. పికోల్లో కొలిచే పదార్థం అది. 1994 చివర్లో దాన్ని మూసేశారు. మూయక ముందు, మూశాక, రెండుసార్లూ ఊళ్లో గాలి కొలిచారు. కర్మాగారం చుట్టూ మట్టి తీశారు. పోలిక కోసం నగరానికి దూరంగా పల్లెలోనూ కొలిచారు. ఆ అంకెలను గొట్టం ఎత్తు, గాలి దిక్కు, వేగం లెక్కలతో కంప్యూటర్ చెప్పిన అంకెల పక్కన పెట్టి చూశారు. పదిహేడు రకాల పాళ్లు ఒక్కో మూలానికి ఒక్కో తీరులో ఉంటాయి, వేలిముద్రలాగా. గొట్టంలో ఉన్న ముద్రే పక్కనున్న మట్టిలోనూ కనిపిస్తే, ఇది వాహనాల పొగలే అని తోసిపుచ్చడం కష్టం.

ఫ్రాన్స్ ఈ విషయంలో రెండు దెబ్బలు తింది. బెజాన్‌సోన్ నగరంలో పరిశోధకులు కర్మాగారం చుట్టూ వృత్తాలు గీయకుండా, పొగ విస్తరించే లెక్కతో మండలాలు గీశారు. డయాక్సిన్ ఎక్కువగా దిగే మండలంలో నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు 2.3 రెట్లు ఉందని 2003లో తేలింది. వృత్తం గీసి ఉంటే అది మసకబారేది, గాలి వృత్తాకారంలో వీచదు కాబట్టి. రెండోది ఆల్ప్స్ లోయలోని జిల్లీ-సుర్-ఇజేర్. 2001 చివర్లో అక్కడి కర్మాగారాన్ని మూసేసరికే పాలు, మాంసం కలుషితమయ్యాయి. వేల పశువులను చంపేశారు. లోయలో గాలి పగలు పైకి, రాత్రి కిందికి పారుతుంది. చదును నేల లెక్కలు అక్కడ పనికిరావు. 2002 సెప్టెంబరు ఉత్తర్వుతో ఫ్రాన్స్ దహన కర్మాగారాలన్నీ తమ చుట్టూ డయాక్సిన్లు, లోహాలు ఏటా కొలిపించాలని నిర్దేశించింది. పశువుల కొట్టం తగలబడ్డాక తవ్విన బావి అది. కనీసం తవ్వారు.

ముందే తవ్విన బావి స్పెయిన్‌లో ఉంది. కాటలోనియాలో తర్రగోనా దగ్గర కాన్‌స్టాంటీలో ప్రమాదకర వ్యర్థాల దహనశాల 1999లో మొదలైంది. అది రాజుకోకముందే, 1996 నుంచి, దొమింగో, షూమాఖర్ బృందం చుట్టుపక్కల మట్టి, ఆకులు, జనం రక్తం పరీక్షించి పెట్టుకుంది. తరవాత ఏళ్ల తరబడి అవే చోట్ల మళ్లీ మళ్లీ కొలిచారు. ముందరి అంకె చేతిలో ఉంటే పెరిగిందా తగ్గిందా అన్న వాదన అంకెల మీదే నడుస్తుంది, అరుపుల మీద కాదు.

జపాన్ కథ జనం ఆగ్రహంతో మొదలైంది. టోక్యో పక్కన తొకొరొజావా అడవుల్లో పారిశ్రామిక చెత్త కాల్చే చిన్న దహనశాలలు గుంపుగా వెలిశాయి. 1999 ఫిబ్రవరిలో ఒక టీవీ వార్తా కార్యక్రమం అక్కడి కూరగాయల్లో డయాక్సిన్ ఎక్కువ ఉందని ప్రసారం చేసింది. పాలకూర ధర కుప్పకూలింది. ఆ పెద్ద అంకె తేయాకుదని తరవాత తెలిసింది. రైతులు కోర్టుకెక్కారు, 2003లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. నమూనా ఏ ఆకుదో సరిగ్గా చెప్పకపోతే ఎవరి పొలం మునుగుతుందో ఆ ఊరు చూసింది. టీవీ ప్రసారం జరిగిన ఏడాదే, 1999 జూలైలో, పార్లమెంటు డయాక్సిన్ల నియంత్రణకు ప్రత్యేక చట్టం చేసింది. ఆ చట్టం కింద ఊరి గాలికి ఏడాది సగటు ఘనపు మీటరుకు 0.6 పికోగ్రాము అని హద్దు పెట్టారు; గవర్నర్లు గాలి, నీరు, మట్టి క్రమంగా కొలవాలని చట్టం శాసించింది. దేశమంతటా వందల చోట్ల కొలతలు సాగాయి. 1997తో పోలిస్తే ఉద్గారాలు 95 శాతానికి పైగా తగ్గాయి. ప్రభుత్వ కేంద్రాలు చాలవనుకున్న పౌరులు నల్ల పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు కోసి పరీక్షకు పంపారు. ఆ ఆకు నూనెగుణం గాలిలోని డయాక్సిన్లను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. యంత్రం, కరెంటు అక్కర్లేదు, చెట్టు ఎక్కడుంటే అక్కడ కేంద్రం.

జర్మనీలో దిగే ధూళిని పట్టడానికి గుంజల మీద గాజు సీసాలు పెడతారు, బెర్గర్‌హాఫ్ సీసాలంటారు. ఫ్లాండర్స్ ఆ లెక్కతో చదరపు మీటరుకు రోజుకు 8.2 పికోగ్రాముల వార్షిక హద్దు పెట్టుకుంది. గాలిలో తేలేదాని కంటే నేల మీద దిగేది పాలకు దగ్గర. కెనడాలోని డర్హామ్-యార్క్ కర్మాగారం చుట్టూ ఊరి గాలిలో డయాక్సిన్ కొలత 24 రోజులకు ఒక రోజు జరిగేది. 2016 మేలో గొట్టం పరీక్షలో ఒక బాయిలర్ పరిమితికి పది రెట్లు దాటింది. ఇరవై నాలుగింటిలో ఒక రోజు చూసే కన్నుకు మిగతా ఇరవై మూడు రోజులు కనిపించవు. అందుకే నా మట్టుకు నాకు, ఖరీదైన ఒక రోజు నమూనాల కంటే చవకైన నెలసరి సీసాలు, గొట్టంలో ఆగని గుళిక మేలనిపిస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి. డయాక్సిన్ల వంటి చిరకాల విషాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని భారతదేశం 2006 జనవరిలో ఆమోదించింది. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో, వైద్య వ్యర్థాల నిబంధనల్లో గొట్టానికి ఐరోపాలాగే 0.1 నానోగ్రాము రాశారు. ఊరి గాలికి మాత్రం హద్దు లేదు: 2009 జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లోని 12 కాలుష్యాల్లో డయాక్సిన్ లేదు. ఇంతలో చెత్త నుంచి కరెంటు కేంద్రాలు మన నగరాలకు వచ్చేశాయి. హైదరాబాద్‌లో 2020లో జవహర్‌నగర్, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో విశాఖపట్నం, గుంటూరు. మన చెత్త తడిచెత్త. కూరగాయ తొక్కలు, అన్నం, వాన నీళ్లు. మంట నిలకడగా ఉంచడం ఐరోపాలో కంటే కష్టం. అంటే చెడ్డ వేళల మీద కన్ను వేయాల్సిన అవసరం ఇక్కడే ఎక్కువ.

అక్కడి పటాన్ని ఇక్కడ అతికించడం కుదరదు. జవహర్‌నగర్ మీద నైరుతి రుతుపవనాల నెలల్లో గాలి పడమటినుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో తూర్పుగాలి, రాత్రుళ్లు పొగ నేలకు అణిగి ఉంటుంది. ఒక్క కాలపు గాలి చూసి పెట్టిన కేంద్రం సగం ఏడాది గొట్టానికి వీపు తిప్పుకుని కూర్చుంటుంది. విశాఖలో పగలు సముద్రగాలి, రాత్రి నేలగాలి, మధ్యలో కొండలు. జిల్లీ-సుర్-ఇజేర్‌లో చదును నేల లెక్క పనికిరానిది ఇలాంటి ఎగుడుదిగుడు నేల మీదే. మే నెల ఎండకు తేలికపాటి డయాక్సిన్లు ధూళిని వదిలి ఆవిరవుతాయి. స్పాంజిని దాటి జారిపోకుండా వెనక రెండో స్పాంజి కావాలి. ఐరోపా చినుకులకు తయారైన సీసా మన జూలై వానకు నిండి పొర్లవచ్చు. పెద్ద మూతి, పెద్ద కడుపు ఉన్నది కావాలి. తిరువనంతపురంలో సీఎస్‌ఐఆర్ సంస్థ ఎన్‌ఐఐఎస్‌టీకి డయాక్సిన్ ప్రయోగశాల ఉంది కాబట్టి నమూనా దేశం దాటనక్కర్లేదు.

మనకూ ఒక లిక్కెబార్ట్ ఉంది. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో జపాన్, భారత్, ఇతర ఆసియా దేశాల శాస్త్రవేత్తలు ఆసియా దేశాల చెత్తకుప్పల పక్కన నివసించే తల్లుల చనుబాలు పరీక్షించారు. చెన్నైలోని పెరుంగుడి వాటిలో ఒకటి. అక్కడ గొట్టం లేదు. చెత్త ఆరుబయటే కాలేది. ఆ తల్లుల పాలలో డయాక్సిన్లు పోలిక కోసం చూసిన వేరేచోటి తల్లుల పాలలో కంటే ఎక్కువ. వాళ్లు తాగిన పశువుల పాలే దారి కావచ్చని పరిశోధకులు అభిప్రాయపడ్డారు, ఆ పశువులు చెత్తకుప్ప మీద మేసేవి కాబట్టి.

మన ఊళ్లో కొత్త గొట్టం లేపే ముందు, మొదటి అంకెలు పట్టి పెట్టుకోవడానికి ఏడాది చాలు. చుట్టూ గాలివాటపు ఊళ్లలో, ఎదురుగాలి ఊరు ఒకదానిలో, బడి మేడల మీద నెలకొక సీసా. వానకాలం ఒకసారి, సంక్రాంతి ముందు ఒకసారి మట్టి. దగ్గరి డెయిరీ పాలు పోయించుకునే క్యాన్లలోంచి ఒక లీటరు, పెరటికోడి గుడ్లు పది. అన్నిట్లోనూ సగం ఫ్రీజర్‌లోకి, తేదీ, గేదె మేసిన చోటు రాసిన చీటీతో.